తట్టమోత మెడకు కొలమానం

అనంతపురం పట్టణాన్ని ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రానికి, తొలితరం విజయనగర పాలకుల్లో ఒకడైన బుక్కరాయల పేరిట 14వ శతాబ్దంలో వెలసిన చెరువు వల్ల ఆ పేరు వచ్చిందని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ కాలపు చెరువుకట్ట అంటే గంపలకెత్తి నెత్తిన మోసి పోసిన మట్టే. 1876-78 నాటి కరువులో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు (ప్రత్యేక జిల్లా 1882లో ఏర్పడింది), ప్రభుత్వం చేపట్టిన కరువు పనుల్లోనూ మట్టిమోత, కంకర కొట్టడమే కూలికి ఆధారమయ్యాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదటగా ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మగవారు తవ్వితే ఆడవారు చుట్టకుదురు మీద తట్ట మోయడమనే పాత పనివిభజన అప్పటికీ సడలలేదు.

ఇన్ని శతాబ్దాలు బరువు మోసిన మెడకు నొప్పి ఎంత, దానివల్ల ఆగిన పని ఎంత అన్న లెక్క మాత్రం చాలా దూరాన, వేరే రకం రోగుల నుంచి పుట్టింది. కెనడాలో హోవార్డ్ వెర్నన్, సిల్వానో మియోర్ 1991లో ప్రకటించిన ‘మెడ అశక్తత సూచిక’, నడుమునొప్పి కోసం ఇంగ్లండులో 1980లో వెలువడిన ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిని మెడకు తగినట్టు మలిచినది. ఇందులోని 10 ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 0 నుంచి 5 వరకు మార్కులుంటాయి. మొత్తం 50కి ఎంత ఎక్కువైతే అశక్తత అంత ఎక్కువ. మళ్ళీ అడిగినప్పుడు అదే జవాబు వస్తుందా అన్న విశ్వసనీయతను మొదట పరీక్షించింది కేవలం 17 మంది మీద. వారందరూ మెడ ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ విసిరినట్టు కదలడం వల్ల, ముఖ్యంగా కారు ప్రమాదాల్లో, కలిగే గాయంతో వచ్చినవారు. కారు నడపడం గురించి ఒక ప్రశ్నకు చోటు దక్కడంలో వింత లేదు.

ఇటువంటి ప్రశ్నావళిని మరో భాషలోకి తేవడానికి బీటన్ బృందం 2000లో చెప్పిన పద్ధతి నేటికీ ప్రామాణికం. ఇద్దరు విడివిడిగా అనువదించాలి, ఆ రెండింటినీ ఒకటిగా కూర్చాలి, మూలం చూడనివారు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చాలి, నిపుణుల సంఘం అన్నిటినీ పోల్చి చూడాలి, చివరికి 30-40 మంది రోగుల చేత నింపించి చూడాలి. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే గణన 1951 నాటిది. అయితే గణనకు అందని చిక్కు వేరే ఉంది: మాట సరిపోవడంతో పాటు అనుభవమూ సరిపోవాలని ఆ పద్ధతే చెబుతుంది, కాని అనుభవం తేడాగా ఉన్నచోట మార్చవలసింది ప్రశ్ననే.

బుక్కరాయసముద్రం కూలీకి కారు ప్రశ్న వర్తించదు. జవాబు వదిలేస్తే మిగిలిన 9 ప్రశ్నలకు 45 మార్కుల మీద శాతం కట్టే వెసులుబాటుంది. చదవడం గురించిన ప్రశ్న చదువురానివారిని పక్కన పెడుతుంది. వీటిని ఎలాగో సర్దుకోవచ్చు. అసలు లోటు బరువులెత్తే ప్రశ్నలో ఉంది: అది నేల మీది బరువును, బల్ల మీద అనువుగా పెట్టిన బరువును వేరుచేసి అడుగుతుంది, కాని ఎత్తినదాన్ని నెత్తిన పెట్టుకుని కట్ట మీదికి నడవడం గురించి ఏ జవాబులోనూ లేదు. అందువల్ల తట్ట మోయలేక పని మానుకున్న స్త్రీ, బిందె ఎత్తగలుగుతున్నంత కాలం, ఆ ప్రశ్నలో తక్కువ మార్కులతోనే బయటపడగలదు.