“ఇంట్ల చదివిచ్చెటోళ్లు లేరు”

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడి టీవీలోకి వచ్చింది. దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ మూడో తరగతి నుంచి పై పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు అవి కూడా లేవు. అంటే, సరిగ్గా చదవడం పట్టుబడే వయసులో ఉన్న పిల్లలను మొత్తంగా ఇంటికి అప్పగించారు. ఇల్లంటే ఎవరో మనందరికీ తెలిసిందే కదా!

అప్పుడు నేను మానుకోట దగ్గర మా ఊళ్లో ఉన్నాను. కాలేజీ చరిత్ర పాఠాలు ఫోన్లో చెప్పడం, మిగిలిన పొద్దంతా అరుగు మీద కూర్చోవడం. మా మిరప తోటలో కలుపుకి పక్క తండా నుంచి ఒకామె వచ్చేది, ఆరేళ్ల బిడ్డను వెంటబెట్టుకుని. ఒకరోజు కొంగులో చుట్టిన ఒకటో తరగతి పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

“సారు ఫోన్ జేసిండక్కా. చిన్నపిల్లల్ని ఇంటికాన్నే చదివిచ్చుకోవాలెనట. నువ్వే చూసుకోవాలె అన్నడు. నేనేం జూడాలె? బుక్కు అట్ట జూడాలెనా?”

ఆమె నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాటకు అక్కలాంటి మాటొకటి నలభై ఏళ్ల కింద మా అవ్వ విన్నది. (అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. అ అంటే అమ్మ అని బళ్లో చెప్పినా, మా ఇంట్లో అ అంటే అవ్వే. ఆ ఒక్క అక్షరం దగ్గర నా అదృష్టం బాగుండింది.) అదృష్టం గ గుణింతం దగ్గర తిరగబడింది. పుస్తకంలో ఆకుకూర కట్ట బొమ్మ, దాని కింద గోంగూర అని రాసి ఉంది. బొమ్మ చూసి గట్టిగా “పుంటికూర” అన్నాను. సారు కొట్టాడు. సంవత్సరం చివర నన్ను అదే తరగతిలో ఉంచేసి, అడగడానికి వచ్చిన మా అవ్వతో “ఇంట్ల చదివిచ్చెటోళ్లు లేరు, ఏం జెయ్యమంటవు?” అన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించి, “అది పుంటికూరనే గద సారూ” అని వచ్చేసింది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. అక్షరాల్లో మాత్రమే కాదు!

ఇంట్లో చదివించేవాళ్లు ఉండటం అనేది ఎవరి ఇళ్లల్లో, ఎప్పటినుంచి సాధ్యమైంది? ఈ ప్రశ్న వేసుకున్నాకే నాకు మా తాలూకా చరిత్ర కొంచెం వేరేగా కనపడటం మొదలుపెట్టింది.

నిజాం రాజ్యంలో సర్కారీ బడి భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. 1920లలో ఖాన్గీ బడులు, అంటే సొంతంగా నడుపుకునే బడులు, పెట్టాలంటే సర్కారు అనుమతి ఉండాలని నిబంధనలు వచ్చాయి. కాబట్టి తెలంగాణలో తెలుగు చదవడమన్నది చాలాకాలం ఇంటి వ్యవహారంగానే మిగిలింది. ఆ ఇంటి చదువు ఎంత ఎత్తుకి పోగలదో చూపించిన ఊరు మాకు దగ్గర్లోనే ఉంది. మానుకోట తాలూకా ఇనుగుర్తి నుంచి 1922లో ‘తెనుగు పత్రిక’ వచ్చింది. నడిపింది ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు. బడికి పోయి చదివినవాళ్లు కారు ఈ అన్నదమ్ములు. ఇంటిపట్టునే భాషలు నేర్చి, పల్లెటూళ్లో అచ్చు యంత్రం పెట్టి, వారపత్రిక తీశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

వాళ్ల గురించి ఎప్పుడు మాట్లాడినా ‘స్వయంకృషి’ అంటారు. కాదనను. కానీ ఇంట్లో చదువుకోవాలంటే తీరిక కావాలి, దీపంలో నూనె కావాలి, పుస్తకం పట్టుకున్న పిల్లాణ్ణి పనికి లేపని పెద్దలు కావాలి, వేళకు అన్నం కావాలి. ఇవన్నీ ఉన్న ఇళ్లు ఆ తాలూకాలో ఎన్ని? వెట్టి చేసే ఇంటి ఆడమనిషి పొద్దు పొడవకముందు దొర వాకిట్లో ఉంటే, ఆమె ఇంట్లో దీపం పెట్టి ఎవరిని చదివించాలి? ‘ఇంటి చదువు’ అనే మాటలో ‘ఇల్లు’కి కులం ఉంది, భూమి ఉంది. దాన్ని దాటేసి చదువును మాత్రమే చూస్తే ఆ అన్నదమ్ముల గొప్పతనం కూడా మనకు సరిగ్గా అర్థం కాదు.

ఇదే జిల్లాలో డోర్నకల్ ఉంది. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పీఠం అక్కడే. ఆయన మంద ఎక్కువగా మాల, మాదిగ పల్లెలది. తెలుగునాట మిషన్లు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు చదివి వినిపించే, అక్షరాలు నేర్పే ‘బైబిలు స్త్రీల’ను పెట్టుకున్నాయి. మతం సంగతి పక్కన పెడితే, వాళ్లు చేసిన పని నాకు ముఖ్యం. పుస్తకం చేతికి రాని ఇంట్లోకి, ఇంటి ఆడమనిషి కోసం, ఇంకో ఆడమనిషి పుస్తకం పట్టుకుని రావడం. చదివించేవాళ్లు లేరని మందలించి పంపేయడానికీ దీనికీ ఎంత తేడా!

ఇక భండారు అచ్చమాంబ (1874–1905) గురించి భూమి మీద ఉన్న తెలుగు స్త్రీవాదులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మొదటి తెలుగు కథ ఏదన్న చర్చ పుణ్యమా అని ‘ధనత్రయోదశి’ (1902) అందరికీ తెలిసింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె చదువు నేర్చుకుందని ప్రతి జీవిత చిత్రణలోనూ రాస్తారు. నన్ను ఆపేది ఆ వాక్యమే. తండ్రి పోయిన ఆ పిల్లవాణ్ణి తన ఇంట్లో ఉంచుకుని, చదువుకోవడానికి చోటిచ్చింది ఆ అక్క. ఆమె నడిపిన ఇంట్లో అతను చదివాడు, అతను చదివితే ఆమె నేర్చుకుంది, నేర్చుకుని స్త్రీల చరిత్రలు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా రాసింది. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవరు ఎవరిని చదివించినట్టు?

మా ఇంట్లోనూ చదువు ఇలా ఎదురు నడిచింది. అవ్వ మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలుకాయ ఏరుతూ నన్ను గట్టిగా చదవమనేది. తనకు అక్షరం రాదు. అయినా నేను రెండు వాక్యాలు దాటేస్తే పట్టుకునేది. “నిన్న నక్క బాయి కాడికి వోయింది గదనే, ఇయ్యాల ఆ బాయి ఏమైంది?” అనేది. కథ ఆమెకు నాకంటే బాగా గుర్తుండేది. నా గొంతు తడబడితే చదువుతున్నానని, సాఫీగా పోతే బట్టీ కొడుతున్నానని కనిపెట్టేది. “ఆ మాట మీద వేలు పెట్టు” అని, వేలు కదిలిందా లేదా చూసేది. పిల్లలకు చదవడం నేర్పడం గురించి తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే ఎక్కువ చెప్పినవి తక్కువ.

ఆ వినడం వల్లే నేను ఊరికి ఉత్తరాలు చదివే పిల్లనయ్యాను. కొత్తగూడెం బాయి పనికి పోయిన మొగుళ్ల దగ్గర్నుంచి కార్డులు వచ్చేవి. పదేళ్ల పిల్లను, ఇంటింటికీ పిలిచేవాళ్లు. డబ్బులు పంపలేనన్న సంగతీ, ఇంకో సంగతీ నా నోటి నుంచే వినాల్సి వచ్చేది వాళ్లకు. ఒకటి రెండు వాక్యాలు నేను మింగేసిన రోజులు ఉన్నాయి. అచ్చమాంబ ‘స్త్రీవిద్య’ కథలో భర్త భార్యను చదువుకొమ్మని ఒప్పిస్తాడు. అది చదివినప్పుడు నాకు మా ఊరి ఆడవాళ్లే గుర్తొచ్చారు. తమ బతుకును ఇంకొకరి నోట వినాల్సి రావడం ఎట్లాంటిదో వాళ్లకు ఎవరూ చెప్పి ఒప్పించాల్సిన పని లేదు.

1940ల సాయుధ పోరాటంలో ఇల్లు దాటాక చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) చదివినవాళ్లకు, 1951లో పోరాటం ఆగాక వాళ్లను మళ్లీ ఇళ్లకు పొమ్మన్న దుఃఖం కూడా తెలుసు. తర్వాత 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. నెల్లూరు జిల్లాలో రాత్రిబడి వాచకంలోని పాఠం మీద మాట్లాడుకున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి నడిచారు. 1993లో సారాను నిషేధించాల్సి వచ్చింది. ఆ వాచకాలు అ ఆలతో కాకుండా మాటతో మొదలయ్యేవి. ముందు బతుకులో ఉన్న మాట, తర్వాత దాని లోపలి అక్షరాలు. పెద్దవాళ్ల కోసం కనిపెట్టిన ఈ కిటుకు పిల్లల పలకల మీదికి రావడానికి ఎందుకంత కాలం పట్టిందో!

మా ఊళ్లోనూ రాత్రిబడి పెట్టారు. అవ్వ నాలుగు రోజులు పోయి, “నువ్వే నేర్పు బిడ్డా” అంది. అప్పుడు నేను ఎమ్మే చదువుతున్నాను, సెలవులకు వచ్చాను. మొదటి రోజు బాగానే నడిచింది. మూడో రోజు ఆమె మ, య కలగలుపుతోంది. నాలుగోసారి చెప్పాక, “ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా నీకు?” అన్నాను. గొంతు నాదే కానీ ఆ స్వరం నన్ను కొట్టిన సారుది. అవ్వ పలక తుడిచి పక్కన పెట్టింది. సంతకం వరకు నేర్చుకుని, “నాకు ఇది సాలు. నువ్వు సదువు, నేను ఇంట” అంది. మళ్లీ బలపం పట్టలేదు. 2009లో పోయింది. నన్ను ఏళ్ల తరబడి ఓపిగ్గా విన్న మనిషిని నేను మూడు రోజులు కూడా ఓర్చుకోలేకపోయాను.

అందుకే తండా ఆమె పుస్తకం నా ముందు పెట్టినప్పుడు నాకు భయం వేసింది, ఆ పిల్లను కూడా చెడగొడతానేమోనని.

మొదటి పేజీలో అ కింద చీర కట్టుకున్న ఆవిడ బొమ్మ. ఇదేంటని అడిగాను. పిల్ల ఠక్కున “యాడి” అంది. లంబాడీ బాసలో అమ్మ యాడే. గోంగూర కట్ట దగ్గర నేను నిలబడ్డ చోటే ఈ పిల్లా నిలబడి ఉంది, కాకపోతే ఇంకో మెట్టు కింద. నాది తెలుగులో తేడా, ఆమెది భాషే వేరు. బొమ్మతో అక్షరం నేర్పడమనేది, బొమ్మ పేరు పిల్ల నోట్లో ఆ అక్షరంతో మొదలైతేనే పనిచేస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో నూటికి 38 మంది దాకా గిరిజనులు, అక్షరాస్యులు నూటికి 57 మందే. ఈ సంగతి సర్కారుకు తెలియక కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. వాటిలో కోయ ఉంది, బంజారా ఉంది. ఎంత మంచి పని! మా పక్క తండా పిల్ల చేతికి మాత్రం అ అమ్మే వచ్చింది.

తల్లిని కూర్చోబెట్టాను. “నీ బాసల మాటలు చెప్పు, నేను రాస్త” అన్నాను. ఆమె సిగ్గుపడింది, తర్వాత ఆగలేదు. యాడి, బాటి, పాణి. పాత నోటుబుక్కులో పేజీకొక మాట. పిల్ల మొదట చదివింది ‘బాటి’. రొట్టె కదా, రోజూ తినేదే. బాటిలోని బా, పాణిలోని పా, రెండూ కలిపి ‘బాపా’ అని తనే ఒక అర్థంలేని మాట చేసి పడీపడీ నవ్వింది. చదువు పట్టుబడిందని నాకు తెలిసింది ఆ నవ్వు దగ్గరే. అక్షరాన్ని మాట నుంచి విడదీసి ఇంకోచోట పెట్టగలిగింది. తెలుగు మాటలు నెల తర్వాత, ఒత్తులు ఇంకా చాలా తర్వాత వచ్చాయి. రాత్రిపూట తల్లి పని ఒక్కటే, వినడం, వేలు చూడటం, నిన్నటిది అడగడం. ఎలా వినాలో నేను చెప్పానని అనుకుంటున్నాను కానీ, నిజానికి చెప్పింది మా అవ్వ.

చిన్న తరగతుల బడులు 2021 సెప్టెంబర్ దాకా తెరవలేదు. ఆ తర్వాత 2022–23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, అదే ఏడు ‘తొలిమెట్టు’ పేరుతో చదవడం రాని పిల్లలకు మళ్లీ నేర్పే కార్యక్రమమూ వచ్చింది. ఇంట్లో ఒక భాష, ఊళ్లో ఒకటి, పుస్తకంలో ఇంకొకటి. తల్లులకు మాత్రం అదే మాట, ఇంట్లో మీరే చూసుకోవాలి.

2021 మార్చిలో వాళ్ల మిరప అమ్ముడుపోయింది. ఆమె మార్కెట్ నుంచి వచ్చిన తక్‌పట్టీ తీసుకుని సాయంత్రం మా అరుగు మీదికి వచ్చింది. నాకిస్తుందనుకుని చెయ్యి చాపాను. ఆమె బిడ్డకిచ్చింది. పిల్ల వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, బస్తాలు, తూకం, హమాలి దాకా వచ్చి తర్వాతి మాట దగ్గర ఆగింది. “త... రు... గు” అంది. తల్లి నడుం నిటారుగా చేసుకుని కూర్చుంది.

“తరుగా? ఎంత రాసిండు? మళ్ల చదువు.”