కాంకర్డ్ వేసవి బడి: ఫీజు సరే, బస మాటేమిటి?

2010 ఎండాకాలం నేను అమీర్‌పేటలో ఉన్నాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. పొద్దున ఏడింటికి కోర్ జావా, సాయంత్రం డేటాబేస్, మధ్యలో హాస్టల్ గదిలో ఒక ఫ్యాను కింద నలుగురం. అదే ఎండాకాలం మా చెల్లి కూడా ఒక క్లాసుకి వెళ్లాల్సింది. తను అప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం, ఫిలాసఫీ ఒక సబ్జెక్టు. పక్క రాష్ట్రంలో ఒక యూనివర్సిటీవాళ్లు డిగ్రీ పిల్లలకి రెండు వారాల పాటు ఫిలాసఫీ చెబుతున్నారని వాళ్ల లెక్చరర్ చెప్పారట. ఫీజు లేదు. నాన్న అంతా విని, "ఫీజు లేదు సరే, ఉండేదెక్కడ, తినేదెక్కడ?" అన్నారు. ఆ రెండు నెలలకి ఇంట్లో ఒక్కరి బసకి సరిపడా డబ్బులే ఉన్నాయి. అవి అమీర్‌పేటలో ఖర్చవుతున్నాయి.

ఇదంతా మర్చిపోయాననే అనుకున్నాను. ఈ మధ్య అమెరికన్ ఫిలాసఫీ చరిత్ర కొంచెం పట్టుబట్టి చదువుతుంటే (ఆఫీసులో బిల్డ్ అయ్యేలోపు చదివే చదువే అనుకోండి) 1879 నాటి ఒక ప్రకటన దగ్గర ఆగిపోయాను. మాసచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కి దగ్గర్లోని కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో వేసవిలో ఐదు వారాల పాటు ఫిలాసఫీ పాఠాలు చెబుతామని ఆ ప్రకటన. ప్రవేశ పరీక్ష లేదు. వయసు పట్టింపు లేదు. ఆడా మగా తేడా లేదు. ఏ ఊరివాళ్లైనా రావచ్చు. 18 ఏళ్లు నిండనివాళ్లు రాకపోతే మంచిదని ఒక సలహా మాత్రం ఉంది. ఆ తర్వాత వస్తుంది అసలు సంగతి: ఊళ్లో భోజనం, బస వారానికి 6 నుంచి 12 డాలర్లు, మొత్తం టర్ముకి ఖర్చు 50 డాలర్ల దాకా అవుతుందని లెక్క కట్టుకోండి, అని.

ప్లేటో గురించి చెప్పబోయేవాళ్లు భోజనం ఖర్చు కూడా చెప్పడం నాకు నచ్చింది. మా నాన్న చదివితే ఆయనకీ నచ్చేది, ఆ పైన వద్దనేవారు.

ఆ బడి పెట్టినాయన ఏమస్ బ్రాన్సన్ ఆల్కాట్. మనలో చాలామందికి ఆయన 'లిటిల్ విమెన్' రాసిన లూయిసా మే ఆల్కాట్ నాన్నగానే తెలుసు. రైతు కొడుకు, కాలేజీ ముఖం చూడలేదు. కుర్రతనంలో దక్షిణాది ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అమ్మాడు. 1834లో బోస్టన్‌లో టెంపుల్ స్కూల్ పెట్టి, పిల్లల్ని బట్టీ పట్టించకుండా ప్రశ్నలు వేసి మాట్లాడించేవాడు. ఆ సంభాషణలు పుస్తకంగా వేస్తే పెద్ద గొడవైంది, పిల్లలు తగ్గిపోయారు. 1839లో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుంటే మిగిలిన తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించేశారు. ఆయన ఆ అమ్మాయిని పంపించలేదు, బడి మూసేశాడు. ఇదొక్కటి చాలు నాకు, ఆయన మిగతా తిక్కలన్నీ క్షమించడానికి. తిక్కలకేమీ తక్కువ లేదు. 1843లో ఫ్రూట్‌లాండ్స్ అని ఒక ఆశ్రమం లాంటిది పెట్టి, పశువులచేత పని చేయించకూడదు, మాంసం ముట్టకూడదు అని నియమాలు పెట్టుకుని, చలికాలం వచ్చేసరికి పెళ్లాం పిల్లల్ని పస్తులదాకా తెచ్చాడు. ఏడు నెలల్లో అది కాస్తా మూతపడింది.

అలాంటి మనిషి 80 ఏళ్లకి నాలుగు నెలల దూరంలో, 1879 జూలై 15న, ఆర్చర్డ్ హౌస్ అనే తన పాత ఇంట్లో బడి తెరిచాడు. 'లిటిల్ విమెన్' రాసిన ఇల్లు అదే. ఆ పుస్తకం తెచ్చిన డబ్బుతోనే ఇంటి అప్పులన్నీ తీరాయి. 1877లో కుటుంబం ఒకప్పుడు థోరోవాళ్లున్న ఇంటికి మారింది. పాత ఇల్లు కుర్చీలకి, ఉపన్యాసాలకి మిగిలింది.

కూతురు ఈ బడి గురించి డైరీలో రాసుకున్నది చదివితే నవ్వూ వస్తుంది, గుచ్చుకుంటుంది కూడా. నాన్న ఆనందం చూసి ఆవిడకి సంతోషమే. ఎన్నాళ్లకో ఆయన కల తీరింది. కానీ వచ్చిపోయే తత్వవేత్తలకి అతిథి మర్యాదలు చేయాల్సింది ఎవరు? చేయాల్సిన పనులు ప్రపంచంలో ఇన్ని ఉండగా ఈ తర్కాలెందుకని ఆవిడ విసుగు. ఆ వేసవిలో ఆవిడ పెట్టుకున్న పని వేరు. మాసచుసెట్స్‌లో ఆడవాళ్లకి స్కూలు కమిటీ ఎన్నికల్లో మాత్రం ఓటు వేసే హక్కు అదే ఏడు వచ్చింది. కాంకర్డ్‌లో మొదట పేరు నమోదు చేయించుకున్నది లూయిసా. మిగిలిన ఆడవాళ్లని కదిలించడానికి బండి కట్టించుకుని ఇళ్లకి తిరిగింది. 1880 మార్చి 29న 20 మంది ఓటు వేశారు. ముందు ఆడవాళ్లని వేయనివ్వమని ఆల్కాట్ కోరాడు. వాళ్లు వేశాక, ఇక చాలు, పోలింగ్ ముగించేద్దాం అని ఎవరో ప్రతిపాదిస్తే సభ ఒప్పేసుకుంది. ఆ ఏడు కాంకర్డ్ స్కూలు కమిటీని ఎన్నుకున్నవి ఆ 20 ఓట్లే. ఒకే ఊళ్లో, కొన్ని నెలల తేడాలో తండ్రిది ఒక బడి, కూతురిది ఒక బడి. నా మొగ్గు కూతురి వైపే ఉంటుందని ముందు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఎందుకంటే తండ్రి బడికి వచ్చిందెవరో చూడండి. శ్రోతల్లో ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్లలోనూ స్కూలు టీచర్లు చాలామంది. అప్పటికి హార్వర్డ్ ఆడవాళ్లని విద్యార్థులుగా చేర్చుకోదు. వీళ్లకి సెలవులుండేది వేసవిలోనే. పెద్ద కాలేజీ గేటు దాటలేనివాళ్లు ఇక్కడ ఒక ఇంటి హాల్లో కూర్చుని ప్లేటో విన్నారు, ప్రశ్నలూ అడిగారు. ఎలిజబెత్ పీబాడీ, జూలియా వార్డ్ హోవ్, ఎడ్నా చేనీ లాంటివాళ్లు వినడమే కాదు, ఆ బడిలో మాట్లాడారు కూడా. పత్రికలవాళ్లు వేళాకోళం చేశారు. చేయరా మరి?

మొదటి వేసవిలో ఎమర్సన్ కూడా ఒక ఉపన్యాసం చదివాడు. విషయం 'జ్ఞాపకశక్తి'. అప్పటికి ఆయన జ్ఞాపకం చాలావరకు జారిపోయింది. మనుషుల పేర్లు, వస్తువుల పేర్లు గుర్తుకొచ్చేవి కావు. ఎదురుగా ఉన్న కాగితాల్లో ఎక్కడున్నాడో కూతురు ఎలెన్ పక్కనుండి చూసుకోవాల్సి వచ్చేది. జ్ఞాపకం పోయిన మనిషి జ్ఞాపకం గురించి చదువుతుంటే ఆ హాల్లో ఉన్నవాళ్లు ఏమనుకుని ఉంటారు? కథలో రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు, మరీ అతికించినట్టుందని.

ఇంకో చిన్న సంగతి, పక్కదారే అయినా వదల్లేకపోతున్నాను. అదే 1879లో ఎడ్విన్ ఆర్నాల్డ్ 'లైట్ ఆఫ్ ఏషియా' లండన్‌లో అచ్చయింది. ఒక స్నేహితుడి ద్వారా చేతికొచ్చిన ప్రతిని చదివి, బోస్టన్‌లో దాన్ని వేయించడానికి పూనుకున్నవాళ్లలో ఆల్కాట్ ఒకడు. మన తిరుపతి వేంకట కవుల 'బుద్ధచరిత్రము'కి ఆధారం ఆ కావ్యమే.

రెండో వేసవికి ఎలిజబెత్ థాంప్సన్ అనే ఆవిడ 1,000 డాలర్లిచ్చింది. దాంతో ఆర్చర్డ్ హౌస్ పక్కనే, కొండవాలున, రంగు కూడా వేయని చెక్క హాలు ఒకటి లేచింది. పేరు హిల్‌సైడ్ చాపెల్. ఇప్పటికీ ఉంది. అందులో జరిగిన అసలు యుద్ధం ప్లేటోకీ హెగెల్‌కీ మధ్య. ప్లేటో పక్షాన హైరమ్ జోన్స్, ఇల్లినాయ్ నుంచి వచ్చిన డాక్టరు. హెగెల్ పక్షాన విలియం టొరీ హారిస్, సెయింట్ లూయిస్‌లో స్కూళ్ల సూపరింటెండెంటుగా చేసినవాడు. హారిస్‌కి హెగెల్ పిచ్చి ఎక్కించినది హెన్రీ బ్రాక్‌మయర్ అనే జర్మన్ వలసదారు. ఆయన ఇనుప ఫౌండ్రీలో పనిచేసి, తర్వాత లాయరై, మిస్సోరి లెఫ్టినెంట్ గవర్నరుగా కూడా చేసి, ఈ సందట్లోనే హెగెల్ తర్కశాస్త్రాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే పని పెట్టుకున్నాడు. డాక్టరు, సూపరింటెండెంటు, ఫౌండ్రీ కార్మికుడు. వీళ్లలో ఫిలాసఫీ ప్రొఫెసరు లేడు. కోడ్ రాసుకుంటూ సాహిత్యం మీద వ్యాసాలు రాసే నాలాంటివాడికి ఈ జాబితా ఎంత బలమో చెప్పనక్కర్లేదు.

హారిస్ 1867 నుంచి 'జర్నల్ ఆఫ్ స్పెక్యులేటివ్ ఫిలాసఫీ' నడిపాడు. 1881లో ఆయిల్ సిటీ అనే ఊళ్లో హైస్కూలు టీచరుగా చేస్తున్న 21 ఏళ్ల కుర్రాడు ఆ పత్రికకి ఒక వ్యాసం పంపి, నేను ఈ దారిలో పోవచ్చా, మీరేమంటారు అని అడిగాడు. హారిస్ పొమ్మన్నాడు. వ్యాసం 1882లో అచ్చయింది. ఆ కుర్రాడు జాన్ డ్యూయీ. జాన్స్ హాప్కిన్స్‌లో చేరడానికి ఆయన ఒక ఆంటీ దగ్గర 500 డాలర్లు అప్పు చేశాడు. హారిస్ ఉత్తరం ధైర్యం ఇచ్చింది, బస ఖర్చు ఆంటీ ఇచ్చింది. నేను చదివిన పుస్తకాల్లో ఉత్తరం గురించి పేరాలున్నాయి, ఆంటీకి ఒక వాక్యం.

1913లో డ్యూయీ ఉన్న కొలంబియా యూనివర్సిటీకి అంబేద్కర్ వచ్చాడు. ఎలా రాగలిగాడు? బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్, నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. ఆ డబ్బు లేకపోతే డ్యూయీ క్లాసు తలుపు ఎంత తెరిచి ఉన్నా ఒకటే.

కాంకర్డ్ బడి దాదాపు పదేళ్లు నడిచింది. 1882 ఏప్రిల్‌లో ఎమర్సన్ పోయాడు, అక్టోబరులో ఆల్కాట్‌కి పక్షవాతం వచ్చింది. 1883లో విలియం జేమ్స్ వచ్చి సైకాలజీ మీద మాట్లాడాడు. తర్వాత వేసవికొక పెద్ద పేరు: 1885లో గోథే, 1886లో డాంటే, 1887లో అరిస్టాటిల్. 1888 మార్చి 4న ఆల్కాట్ పోయాడు, రెండు రోజులకి లూయిసా. ఆ వేసవి ఆయన సంస్మరణ సభతో బడి ముగిసింది. అప్పటికే ఫిలాసఫీ ఒక డిపార్టుమెంటు అవుతోంది. పిహెచ్‌డిలు వచ్చాయి, 1901లో అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్ వచ్చింది. డాక్టర్లూ టీచర్లూ సర్దుకుని కుర్చీలు ఖాళీ చేశారు.

ఇప్పుడు వేసవిలో ఫిలాసఫీ బళ్లు మళ్లీ ఉన్నాయి. అవి డిగ్రీ విద్యార్థుల కోసం. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో 2006లో మొదలైన పిక్సీ అనే ఇన్‌స్టిట్యూట్, ఫిలాసఫీ క్లాసుల్లో తక్కువగా కనిపించే వర్గాల పిల్లల్ని ఎంపిక చేసి పిలుస్తుంది. అప్లికేషన్ పెట్టాలి, రికమెండేషన్ ఉత్తరం కావాలి, మీరు డిగ్రీ చదువుతూ ఉండాలి. ఇవన్నీ చూసి నాకు మొదట ఒళ్లు మండింది. ఆల్కాట్ వయసు కూడా అడగలేదు కదా, ముప్ఫై దాటిన నాలాంటివాడు ఎక్కడికి పోవాలి? కోపం కాసేపు ఉంచుకుని మిగతాది చదివాను. రానూపోనూ ఖర్చు, బస, భోజనం వాళ్లే చూసుకుంటారు, పైన కొంత డబ్బు చేతికిస్తారు. ఆల్కాట్ గేటు పీకేశాడు, దారిఖర్చు మాత్రం మిమ్మల్నే పెట్టుకోమన్నాడు. వీళ్లు గేటు పెట్టారు, దారిఖర్చు ఇస్తున్నారు. 2010లో మా చెల్లికి ఏది కావాలో నాకు తెలుసు. నాకు కావాల్సింది వేరు, కానీ ఆ ఏడు అమీర్‌పేట నాకు దొరికింది. అదీ ఒకరకంగా కాంకర్డే. వయసు అడగరు, మార్కులు అడగరు, ఫీజు కట్టి కూర్చోవడమే. వీధి వీధికీ హాస్టల్ బోర్డులు.

ఈ వ్యాసం సగంలో ఉండగా చెల్లికి ఫోన్ చేశాను. తను ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ఆల్కాట్ గురించి, ఆ నల్లజాతి అమ్మాయి గురించి, ఎమర్సన్ గురించి, లూయిసా బండి కట్టించుకుని తిరగడం గురించి పదిహేను నిమిషాలు ఏకబిగిన చెప్పాను. అంతా విని, "భోజనం, బస ఎంతట అన్నయ్యా?" అంది.

"వారానికి 6 నుంచి 12 డాలర్లు," అన్నాను.

"అప్పుడు వాళ్లూళ్లో ఆడ టీచరు జీతమెంతో చూడు," అని, పేపర్లు దిద్దుకోవాలని పెట్టేసింది.