బేగంపేటలో పుట్టిన విమాన కంపెనీ

డెక్కన్ పేరుతో విమానాలంటే చాలామందికి 2003లో బెంగళూరు నుంచి మొదలైన ఎయిర్ డెక్కన్ గుర్తొస్తుంది. దానికి దాదాపు 60 ఏళ్ల ముందే, 1945లో, హైదరాబాద్‌లో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

నిజాం సంస్థానంలో ప్రయాణాలు చాలావరకు రైల్వే చేతిలోనే ఉండేవి. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా ఆ రైల్వేనే. ఇవాళ్టి ఆర్టీసీలకు మూలం అక్కడే ఉంది. రైళ్లూ బస్సులూ అయ్యాక విమానాల వంతు వచ్చింది. టాటా ఎయిర్‌లైన్స్‌ను భాగస్వామిగా కలుపుకుని సంస్థానం ఈ కంపెనీ పెట్టింది. బేగంపేట విమానాశ్రయమే దానికి స్థావరం.

కాలం కూడా కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యాలకు అక్కర్లేని డకోటా విమానాలు చవగ్గా అమ్మకానికొచ్చాయి. దేశంలో విమాన కంపెనీలు వరసబెట్టి పుట్టుకొచ్చింది వాటి చలవే. డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిందీ డకోటాలే. ఆ విమానానికి మూడో చక్రం తోక కింద ఉంటుంది. అందుకే నేలమీద ఉన్నప్పుడు ముక్కు పైకెత్తి నిలబడుతుంది. వెనక తలుపులోంచి ఎక్కిన ప్రయాణికుడు మిట్ట ఎక్కినట్టు నడిచి తన సీటు చేరుకోవాలి. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మరీ ఎత్తుకు పోయే వీల్లేదు. వానాకాలంలో మబ్బుల మధ్యే కుదుపులు తింటూ వెళ్లాలి.

ఈ కంపెనీని మనం తలుచుకోవాల్సింది ముఖ్యంగా ఒక మనిషి వల్ల. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. ఎనిమిది కంపెనీలు ఆమెను కాదన్నాయి. ఆడమనిషి నడుపుతోందంటే ప్రయాణికులు భయపడతారన్నారు. ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేస్. అలా దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ మన హైదరాబాద్ కంపెనీలో కో-పైలట్ అయ్యారు. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచారు. ఇంత చేసినా కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. తలుపు తీసినవాళ్లే గడప దగ్గర ఆపేయడం నాకు బాధనిపిస్తుంది. ఆమె ఆ ఉద్యోగం వదిలి ఢిల్లీ వెళ్లి, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా విమానానికి పైలట్‌గా చేరారు.

1953 ఆగస్టు 1న ప్రభుత్వం దేశీయ విమాన కంపెనీలు ఎనిమిదింటిని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పాటు చేసింది. ఒడిశా నేత బిజూ పట్నాయక్ పెట్టిన కళింగ ఎయిర్‌లైన్స్‌తోపాటు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. అదే ఏడాది ప్రేమ్ మాథుర్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు.