ఏ కోహెడ?

హుస్నాబాదులో నిలబడి "కోహెడ బస్సెప్పుడండీ?" అంటే ఎవరూ తడుముకోరు. అదే మాట హైదరాబాదులో అడిగి చూడండి, "ఏ కోహెడ?" అంటారు. ఒకటి సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారేదాకా అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. రెండోది రంగారెడ్డి జిల్లాలోది. 2020 వేసవిలో మామిడిపళ్ళ మార్కెట్టును కొన్నాళ్ళు తరలించింది అక్కడికే. పేరొక్కటే, ఊళ్ళు రెండు. జిల్లా చెబితే గాని తేలదు.

మనుషుల సంగతీ అంతే. కొమురవెల్లి మల్లన్న కొలువైన సీమలో మల్లయ్యలకు కొదవా? అందుకే పహాణీలో ఉత్త మల్లయ్య అని రాయరు. పక్కన తండ్రి పేరు ఉంటుంది. ఆడవాళ్ళకైతే చాలాచోట్ల భర్త పేరు. ఊరు, సర్వే నంబరు, పేరు, తండ్రి పేరు... ఇవన్నీ సరిగ్గా చెబితేనే పుస్తకం నోరు విప్పుతుంది.

కంప్యూటరులో కూడా ఇదే తంతు. అందులో 'ఫంక్షన్' అనేదొకటుంది. ఆ మాట వినగానే బీరువాలోంచి పట్టుచీర తీయకండి! అక్కడ ఫంక్షనంటే అడిగిన పని చేసిపెట్టే చిన్న ఏర్పాటు. ఊరి పేరు, సర్వే నంబరు ఇస్తే విస్తీర్ణం చెబుతుందనుకోండి. అది మనల్ని అడిగే వివరాలను పారామీటర్లంటారు. ఎన్ని వివరాలివ్వాలి? ఏది ముందు, ఏది వెనక? అంకె కావాలా, అక్షరాలు కావాలా? వరస తప్పితే పని జరగదు. మరి ఈ సంగతులు ఎక్కడ రాసి ఉంటాయి?

రాసి లేకపోతే ఏమవుతుందో మన పల్లెలకు బాగా తెలుసు. ఒకప్పుడు భూమి లెక్కలన్నీ పట్వారీ దస్తరంలో ఉండేవి. దస్తరం విప్పడం, అందులోని ఉర్దూ మాటలకు అర్థం చెప్పడం ఆయనకే చేతనవును. ఏం అడగాలో కూడా ఆయనే చెప్పాలి. భూమి మనదే, కీలకం ఆయన చేతిలో! 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ ఉద్యోగాలను రద్దు చేసింది.

తమాషా ఏమిటంటే, ఆ మరుసటేడే అమెరికాలో ఇంకొకాయన కంప్యూటరు పట్వారీగిరీకి ఎసరు పెట్టాడు. ఆయన పేరు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో పుట్టిన గణితజ్ఞుడు, ఐ.బి.ఎం.లో పనిచేసినవాడు. సమాచారాన్నంతా వరసలు, గడులు ఉన్న పట్టికలుగా దాచవచ్చని 1970లో ఒక వ్యాసం రాశాడు. ఇప్పటి రిలేషనల్ డేటాబేసులకు అదే పునాది. 1985లో ఆయన కొన్ని నియమాలు ప్రకటించాడు. వాటిని పన్నెండు నియమాలంటారు గాని, సున్నా నుంచి లెక్కపెట్టాడు గనక నిజానికి పదమూడు. వాటిలో నాలుగోది నాకు మహా ఇష్టం. డేటాబేసు తన గురించిన వివరాలను కూడా మామూలు పట్టికల్లాగే ఉంచాలి, అనుమతి ఉన్నవాళ్ళు వాటిని కూడా అదే భాషలో అడిగి తెలుసుకోగలగాలి. అంటే పుస్తకాన్ని చదవడం ఎలాగో ఆ పుస్తకమే చెప్పాలి. మధ్యలో ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

ఆ మాట ఆచారంలోకి రావడానికి కాస్త కాలం పట్టింది. డేటాబేసులను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. 1992లో దాని ప్రమాణంలో ఇలాంటి స్వపరిచయ పట్టికలకు చోటు దొరికింది. తర్వాత ఫంక్షన్ల పారామీటర్లకూ ఒక పట్టిక వచ్చింది. ఒక్కో వివరానికి ఒక్కో వరస: ఎన్నోది, లోపలికిచ్చేదా, బయటికొచ్చేదా, పేరేమిటి, ఏ రకం.

అందులోనూ ఒక ముచ్చట ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో 2005 దాకా పారామీటర్లకు పేర్లే లేవు. ఒకటోది, రెండోది అనుకోవాలి, అంతే. ఇంట్లో కోడళ్ళను పెద్దామె, చిన్నామె అన్నట్టు! ఇప్పుడు పేరు పెట్టవచ్చు, కాని తప్పనిసరి కాదు. ఇక ఒకే పేరున్న ఫంక్షన్లు రెండుంటే, అవి అడిగే వివరాల రకాన్ని చూసి ఏది ఏదో పోల్చుకుంటుంది. మల్లయ్యకు తండ్రి పేరెలాగో, దానికి ఇవలాగ.

ఇదంతా మనకెందుకంటారా? తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూమి లెక్కలు ధరణి అనే కంప్యూటరు ఏర్పాటులోకి వెళ్ళాయి. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది, అంటే సాగులో ఉన్నదెవరో రాసే చోటన్నమాట. ధరణిలో ఆ గడి లేదు. ఏళ్ళ తరబడి దున్నుకుంటున్నా పట్టా లేనివాళ్ళు కాగితం మీద కనబడకుండా పోయారు. కంప్యూటరు అబద్ధమేమీ ఆడలేదు. అడగనిదాన్ని రాసుకోలేదు, అంతే. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

కాడ్ గారి నియమం ఇక్కడిదాకానే తోడు వస్తుంది. యంత్రం ఏమేం అడుగుతుందో చూపిస్తుంది గాని, ఏమేం అడిగి ఉండాల్సిందో చెప్పదు. అది చెప్పవలసింది మనమే. చెప్పాలంటే ముందు ఆ జాబితా మన కంటపడాలి.

అందుకని, ఏ కౌంటరు దగ్గరైనా దరఖాస్తు పుచ్చుకునే ముందు గడులన్నీ ఒక్కసారి చదవండి. భర్త పేరు గడి ఎటూ ఉంటుంది. మీ పేరుకు, మీ అమ్మ పేరుకు, మీరు చేసే పనికి చోటుందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. కొత్త గడి దానంతటది పుట్టదు, ఎవరో ఒకరు అడగాలి.