హూవర్ మేడ - ఇంటి చాకిరీ

లండన్ నుంచి పడమరగా వెస్టర్న్ అవెన్యూ మీద వెళ్తుంటే పెరివేల్ అనే శివారులో పొడవాటి తెల్లమేడ ఒకటి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో పాతకాలపు సినిమాహాలనుకున్నాను. వరసగా స్తంభాలు, మధ్య పెద్ద పెద్ద కిటికీలు, గుమ్మం చుట్టూ ఈజిప్టు గుడులను గుర్తుచేసే రంగు రంగుల పలకలు. తీరా అది వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ అని తెలిశాక ఆశ్చర్యపోయాను. ఇల్లు ఊడ్చే యంత్రానికి ఇంత వైభోగమా!

1933లో తెరిచిన ఈ హూవర్ బిల్డింగ్‌ను రూపొందించింది వాలిస్, గిల్బర్ట్ అండ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ. అప్పట్లో నగరం చుట్టూ కొత్త రహదార్లు, వాటి వెంట ఫ్యాక్టరీలు, మధ్యతరగతి కాలనీలు పుట్టుకొస్తున్నాయి. దారినపోయేవాళ్ళకి ఫ్యాక్టరీ ముఖమే ప్రకటన. ఆ కాలనీల ఇళ్ళకి కరెంటు వచ్చింది, పనిమనుషులు తగ్గిపోయారు. ఊడ్చే పని ఇల్లాలి మీద పడింది. ఆమెకి ఈ యంత్రాన్ని విముక్తిగా చూపించి అమ్మారు.

ఆ యంత్రాన్ని తయారుచేసినవాడు కూడా ఊడ్చే మనిషే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో శుభ్రం చేసే పనిలో ఉండి, దుమ్ముతో ఉబ్బసం పడలేక జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ దాన్ని కనిపెట్టాడు. ఇంట్లో వాడి చూసి బాగుందన్నది సూసన్ హూవర్. 1908లో పేటెంటు కొన్నది ఆమె భర్త విలియం. మేడ మీదికెక్కింది ఆయన ఇంటిపేరు.

ఇంతకీ చాకిరీ తగ్గిందా? 1983లో రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో ఇదే ప్రశ్న వేసింది. యంత్రాలొచ్చి ఒళ్ళు హూనమయ్యే శ్రమ తగ్గింది గానీ, ఇల్లాలి పనిగంటలు తగ్గలేదంటుంది. ఒకప్పుడు ఎప్పుడో ఒకసారి మగవాళ్ళు, పిల్లలు కూడా చెయ్యేసి తివాచీలు బయటికి మోసి దులిపేవాళ్ళు. యంత్రం వచ్చాక అది వారం వారం ఆమె ఒక్కతే చేసే పనయింది. శుభ్రత కొలతా పెరిగింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లింది పనిమనిషి. ఆమె రానిరోజు అమ్మ. పరదేశం వచ్చాక యంత్రం కొనుక్కుని, ఇక మా ఇంట్లో అందరం సమానమే అనుకున్నాను. శనివారం పొద్దున దాన్ని లాక్కుంటూ తిరిగేది మాత్రం నేనే. చీపురు మారింది, చెయ్యి మారలేదు.

1980 ఆగస్టులో, ఇదే సంస్థ కట్టిన ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీని సెలవురోజుల్లో గుట్టుగా కూల్చేశారు. దానిమీద రేగిన ఆగ్రహం తర్వాత అదే ఏడాది హూవర్ మేడకి రక్షిత కట్టడంగా గుర్తింపు వచ్చింది. 1982లో ఫ్యాక్టరీ మూతపడింది. 1992లో వెనకవైపు సూపర్‌మార్కెట్ వచ్చింది. ఈ మధ్యకాలంలో ముందుభాగాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చారు.

మేడని కాపాడుకోవడం మంచిదే. కానీ దాని కథ చెప్పేటప్పుడు వాస్తుశిల్పులు, యజమానులతో ఆగిపోతున్నాం. ఆ యంత్రాలు పట్టుకుని దశాబ్దాలుగా ఇళ్ళు ఊడ్చిన ఆడవాళ్ళ ఊసెక్కడ? ఇప్పుడు ఆ మేడలోనే కాపురాలున్నాయి. అక్కడ ఎవరు ఊడుస్తున్నారో అని, ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ అనుకుంటాను.