ఎవరి ప్రతి నిలవాలి?

తాళపత్ర ప్రతులను సరిచూచే పండితులకు మొదట అలవడవలసిన జాగ్రత్త ఒకటున్నది. అందరికంటె చివర వ్రాసిన లేఖకుని పాఠమే సరియైనదని తలచరాదు. చివర వ్రాసినవాడు మంచి మాతృకను చూడకుండానే వ్రాసి ఉండవచ్చు. ముప్పది ఏండ్లకు పైగా తెలుగు చెప్పిన నేను ఈ మాటను ఎందరు పిల్లలకు చెప్పానో లెక్క లేదు. అటువంటి నాకే, ఆ జాగ్రత్త తెలియని ఒక యంత్రం వలన నష్టం కలిగింది. ఆ కథ చెప్పి, దాని వెనుకనున్న చరిత్రను చదువరులకు విన్నవించుకొంటాను.

2021లో మేము నలుగురం విశ్రాంత ఉపాధ్యాయులం కడప జిల్లా పల్లెలలో సేద్యపు మాటలను సేకరింపసాగాము. నా పూర్వవిద్యార్థి ఒకడు మాకోసం ఫోనులో ఒక యాప్ చేసి ఇచ్చాడు. సిగ్నలు లేనిచోట వ్రాసుకొన్నది ఫోనులోనే నిలిచి ఉండి, సిగ్నలు దొరికినప్పుడు సర్వరుకు చేరేది. ఒక కొండపల్లెలో ఎనుబదేండ్లు దాటిన రైతు ఒకరు నాకు కపిలను గురించి చెప్పారు. ఎద్దులతో బావినీరు తోడే ఆ సాధనంలో ఏ భాగాన్ని ఏమంటారో, దానిని ఎలా వాడేవారో పదునాలుగు పంక్తులు వ్రాసుకొన్నాను. ఆ సాయంత్రం అవి సర్వరుకు చేరాయి. మరునాడు మా మిత్రుడొకరు మరొక ఊరిలో ఉండి, అదే పుటలో ఒక అక్షరదోషాన్ని దిద్దారు. ఆయన ఫోనులో ఉన్నది నా పంక్తులు చేరని పాత ప్రతి. ఆయన దిద్దినది ఒక్క అక్షరమే. సర్వరుకు వెళ్ళినది మాత్రం పుట మొత్తం. అది నా పుటను పూర్తిగా తుడిచివేసింది. ఇందులో ఆయన తప్పు లేదు, నా తప్పూ లేదు. చివర వచ్చినదే గెలుస్తుందని ఆ యాప్‌కు పెట్టిన నియమం. మేము గమనించేసరికి నెల దాటింది. మళ్ళీ అడుగుదామని వెళితే ఆ పెద్దాయన కాలం చేశారని చెప్పారు.

ఆ దుఃఖంతోనే ఈ విద్య పూర్వాపరాలను వెదకి చదివాను. ఇది చేతిఫోనులతో పుట్టిన చిక్కు కాదు. 1978లో లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు కాలాన్ని గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. వేరువేరు కంప్యూటర్లలో, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా జరిగిన రెండు పనులలో ఇది ముందు, అది వెనుక అని చెప్పలేమని అందులో నిరూపించాడు. గడియారం ఏమి చెప్పినా సరే, నా వ్రాతను చూడకుండా చేసిన దిద్దుబాటు నా వ్రాతకు తరువాతిది కాదు. పరిష్కర్త భాషలో చెప్పాలంటే, ఒకే మాతృకనుండి విడివిడిగా పుట్టిన రెండు ప్రతులవి.

1989లో లోటస్ నోట్స్ వచ్చింది. కార్యాలయాలలోని పత్రాలకు పలుచోట్ల ప్రతులుంచి, వీలైనప్పుడు వాటిని కలిపేది. రెండుచోట్ల ఒకే పత్రం మారితే, ఎక్కువసార్లు దిద్దబడిన దానిని ముఖ్యప్రతిగా ఎంచి, రెండవదానిని దాని క్రిందనే వివాదపత్రంగా చూపేది. ఓడిన పాఠాన్ని పారవేయలేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహదేవ్ సత్యనారాయణన్ బృందం కోడా అనే ఫైలు వ్యవస్థను నిర్మించింది. తెగిన సంబంధంతోనే పని సాగించే పద్ధతిని వివరిస్తూ కిస్ట్లర్, సత్యనారాయణన్‌ల వ్యాసం 1991లో వెలువడింది. ప్రయాణానికి ముందు కావలసినవి మూట కట్టుకోవడం, దారిలో ఆ మూటతోనే గడుపుకోవడం, తిరిగి వచ్చి లెక్క ఒప్పజెప్పడం అనే మూడు దశలు అందులో ఉన్నాయి. నేటి యాప్‌లు ఈ దారినే నడుస్తున్నాయి.

నన్ను అన్నింటికంటె ఆకట్టుకొన్నది జిరాక్స్ వారి పార్క్ పరిశోధనాలయంలో రూపొంది, 1995లో ప్రకటితమైన బేయూ. వివాదమంటే ఏమిటో, దానిని ఎలా తీర్చాలో డేటాబేస్‌కు తెలియదు, ఆ పని తెలిసిన అప్లికేషనే చెప్పాలి అన్నది వారి సిద్ధాంతం. సమావేశ మందిరాన్ని ఇద్దరు ఒకే గంటకు కోరితే, రెండవవారికి వేరొక గంట ఇవ్వవచ్చు. గ్రంథసూచికలో ఇద్దరు ఒకే పుస్తకాన్ని చేర్చితే రెండింటినీ ఒకటి చేయవచ్చు. రెండు చిక్కులకూ ఒకే మందు పనికిరాదు.

ఇక డేటాబేస్ మాట. 2000లో రిచర్డ్ హిప్ అనే ఆయన ఎస్‌క్యూలైట్‌ను వెలువరించాడు. అమెరికా నౌకాదళపు యుద్ధనౌకకు సంబంధించిన పనిలో, సర్వరు డేటాబేస్ అందుబాటులో లేనప్పుడల్లా తన ప్రోగ్రాము ఆగిపోతుండడం చూచి, సర్వరే అక్కరలేని డేటాబేస్‌ను ఆయన తలపెట్టాడు. నేడు ఆండ్రాయిడ్, ఐఫోను రెండింటిలోనూ అది ఉన్నది. కాని ఎస్‌క్యూలైట్ ఒక్క ఫోనులో భద్రంగా దాచే పెట్టె మాత్రమే. రెండు పెట్టెల నడుమ తగవు తీర్చడం దాని పని కాదు. మా యాప్‌లో ఉన్నదీ అదే. పెట్టె మంచిదే, తీర్పరి లేడు.

లోటస్ నోట్స్‌లో పనిచేసిన డేమియన్ కాట్జ్ 2005లో కౌచ్‌డిబిని ఆరంభించాడు. పాత సంస్కారం అందులో కనబడుతుంది. రెండు పాఠాలు ఎదురైతే, అన్ని యంత్రాలూ ఒకే నియమంతో ఒకే పాఠాన్ని పైకి ఎంచుతాయి; ఓడిన పాఠం తీర్పు కోసం లోపల నిలిచి ఉంటుంది. పై పాఠం పుటలోను, పాఠాంతరం అధస్సూచికలోను ఉంచే మన పద్ధతికి ఇది చాలా దగ్గర. మా కడపలోనే సి.పి.బ్రౌన్ దొర ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పండితులచేత సరిచూపించిన సంగతి తలపుకు వచ్చి, చదువుతూ నాలో నేను నవ్వుకొన్నాను.

2011లో షపీరో, ప్రెగీసా, బకేరో, జవిర్స్కీ అనే నలుగురు మరొక దారి చూపారు. సిఆర్‌డిటి అని దానికి పేరు. మార్పులు ఏ వరుసలో చేరినా అందరికీ ఒకే ఫలితం వచ్చేటట్లు సమాచారపు ఆకృతినే మలచడం ఇందులోని కీలకం. వైజెఎస్, ఆటోమెర్జ్ వంటి ఉపకరణాలు ఆ దారిలో వచ్చాయి. అయితే అందరికీ ఒకే ఫలితం రావడం వేరు, ఆ ఫలితం అర్థవంతం కావడం వేరు. ఇద్దరు ఒకే వాక్యాన్ని తిరగవ్రాస్తే, రెండు వాక్యాలూ కలగలసిన మూడవ వాక్యం ఎవరూ వ్రాయనిదై మిగలవచ్చు.

తొలగింపులోనూ ఒక సూక్ష్మమున్నది. తాళపత్రంలో ఒక పద్యం కనబడకపోతే, అది గ్రంథపాతమా, లేఖకుడు కావాలని విడిచినదా అని తర్కించుకొంటాము. యంత్రానికీ అదే సందేహం. అందుచేత చెరిపినచోట ఇక్కడ ఒకటుండేది, దానిని చెరిపినారు అని ఒక గుర్తు ఉంచుతారు. ఆ గుర్తు లేకపోతే, చాలాకాలం సిగ్నలుకు దూరంగా ఉండి వచ్చిన ఫోను చెరిపినదానిని మళ్ళీ తెచ్చి పెడుతుంది.

ఇంత చదివిన తరువాత నాకు తోచినది ఇది. ఏ డేటాబేస్ అన్నది రెండవ ప్రశ్న. ఇద్దరి మాట భేదిస్తే ఎవరి మాట నిలవాలి అన్నది మొదటి ప్రశ్న. ఒక పుటను ఒక్కరే వ్రాసేటట్లయితే చివరి వ్రాత గెలిచినా చిక్కు లేదు. అందరూ చేర్చడమే గాని దిద్దడం లేకపోతే, పాతవాటిని ముట్టక క్రొత్తవి క్రింద వ్రాసే దినచర్య పుస్తకం చాలు. పలువురు ఒకే రచనను దిద్దుతుంటే సిఆర్‌డిటి వంటిది కావాలి. బస్సులో మిగిలిన ఒక్క సీటుకు ఇద్దరు పోటీపడితే, సిగ్నలు వచ్చేవరకు ఎవరికీ మాట ఇవ్వక, తీర్పు సర్వరుకే విడవాలి.

మరొక జాగ్రత్త. తీర్పరిని బయటినుండి అద్దెకు తెచ్చుకొంటే అది ఒకనాడు వెళ్ళిపోవచ్చు. 2013లో ఫేస్‌బుక్ కొన్న పార్స్ సేవ 2017లో మూతపడింది. 2019లో మాంగోడిబి కొన్న రెల్మ్‌లోని సింక్ సేవ 2025లో ముగిసింది. ఇల్లు మారినా మన తాళపత్రాలు మనతో వచ్చేటట్లు చూచుకోవాలి.

నా విద్యార్థి యాప్‌ను తిరిగి వ్రాశాడు. ఇప్పుడు పుట మొత్తం ప్రయాణం చేయదు. ఎవరు, ఏ ప్రతిని చూచి, ఏ పంక్తిని మార్చారన్నదే ప్రయాణం చేస్తుంది. భేదం వస్తే రెండు పాఠాలూ పక్కపక్కన నిలిచి, మాలో ఒకరు చూచేవరకు వేచి ఉంటాయి. కపిల పుటలో జ్ఞాపకమున్న అయిదు పంక్తులను మళ్ళీ వ్రాశాను. మిగిలిన తొమ్మిదింటి చోట గ్రంథపాతం అని వ్రాసి ఖాళీ విడిచాను. ఆ పెద్దాయన మాటలలో నాకు తోచినవి కల్పించి నింపడానికి చేయి రాలేదు.