బెత్లెహేము ఉక్కు జట్టు

చరిత్ర యనగానే రాజ్యములును, యుద్ధములును, శాసనములును మనకు స్ఫురించును. ఆటగాండ్ర సంఘమునకును చరిత్ర యుండునా యని కొందఱు శంకింపవచ్చును. ఒక యూరి జను లేల కూడిరి, వారిని కూర్చిన ధన మెవ్వరిది, ఆ కూటమి యేల చెదరిపోయెను అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకిన చోటనెల్ల చరిత్ర కలదు. అట్టి చరిత్ర గల జట్టొకటి అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బెత్లెహేము పట్టణమున నుండెను. అది రెండు పర్యాయములు జనించి రెండు పర్యాయములు గతించినది. ఆ వృత్తాంతమును నేడు విన్నవించెదను.

మొదట ఊరి సంగతి. మొరేవియను లనబడు క్రైస్తవ భక్తులు కొందఱు 1741వ సంవత్సరమున లీహై నదీతీరమున నొక పల్లెను నెలకొల్పి, క్రిస్మసు ముందునాటి రాత్రి దానికి క్రీస్తు జన్మస్థానపు పేరు పెట్టిరి. ప్రార్థనలకును సంగీతమునకును పేరుపడిన ఆ పల్లెకు పందొమ్మిదవ శతాబ్దమున ఇనుప కొలుములు వచ్చెను. 1904లో చార్లెసు ష్వాబు అను వ్యాపారవేత్త బెత్లెహేము స్టీలు కార్పొరేషను అను సంస్థను స్థాపించెను. రైలు పట్టాలు, ఫిరంగులు, ఆకాశము నంటు మేడలకు వలయు దూలములు అచట తయారయ్యెను. 1920 నాటికి ఊరి జనసంఖ్య సుమారు 50,000. వారిలో ఆ కొలిమివలన ప్రత్యక్షముగనో పరోక్షముగనో బ్రతుకని కుటుంబము అరుదు.

ఆ బ్రతుకు సుఖమైనది కాదు. పెక్కుమంది పనివారు దినమునకు పండ్రెండు గంటలు కొలిమి యెదుట నిలువవలసియుండెను. 1910లో వారు సమ్మె కట్టిరి. రాష్ట్రపు పోలీసులు వచ్చిరి, కాల్పులు జరిగెను, సమ్మె విఫలమయ్యెను. పనివారి సంఘమును ఆ సంస్థ గుర్తించుటకు 1941 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఆ యజమానులే పట్టణమునకు మంచి ఆటస్థలమును, దేశమున కెల్ల శ్రేష్ఠమైన జట్టును సమకూర్చిరి. ఈ రెండు విషయములను కలిపి చూచిన వానికే ఈ చరిత్ర సారము బోధపడును.

అమెరికాలో ఫుట్‌బాలు అన్నచో కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తు వేఱొక ఆట. మన మెఱిగిన కాలిబంతి ఆటను, పదునొకండుగురు పదునొకండుగురుగా ఆడు దానిని, అచట సాకరు అందురు. దీనిని ఆ దేశమున వ్యాపింపజేసినవారిలో ముఖ్యులు స్కాట్లండు, ఇంగ్లండు దేశములనుండి పొట్టకూటికై వలసవచ్చిన కార్మికులు. బెత్లెహేములోని అట్టివారు కొందఱు 1907లో ఒక జట్టుగా కూడిరి. ఆ యేటి నవంబరులో వెస్టు హడ్సను అను ప్రసిద్ధమైన జట్టుతో ఆడి, తాము 2 గోలులు మాత్రమే చేసి, ఎదుటివారికి 11 సమర్పించుకొనిరి. మహావృక్షములును మొలక దశలో గాలికి వంగును గదా!

ఆ జట్టున నాడినవారిలో ఎడ్గారు లూయిసు ఒకడు. ఆతడు కర్మాగారమున ఉన్నతోద్యోగి. ఆట యందు ఆసక్తియు, ధనాగారమునకు దారియు ఒక్కని యందే కూడుటచే జట్టు దశ మాఱెను. కూర్చుండుటకు మెట్ల వరుసలు గల ఆటస్థలము నిర్మింపబడెను. 1914లో జట్టునకు బెత్లెహేము స్టీలు అను సంస్థ పేరే పెట్టబడెను. స్కాట్లండునుండి నేర్పరులైన ఆటగాండ్రను పిలిపించి, కర్మాగారమున కొలువిచ్చి, ఆటకు వేతనమిచ్చిరి.

ఫలము వెంటనే కనబడెను. దేశమందలి జట్లన్నియు పోటీపడు నేషనల్ ఛాలెంజి కప్పు 1913–14లో ఆరంభమయ్యెను. బెత్లెహేము జట్టు దానిని 1915, 1916, 1918, 1919, 1926 సంవత్సరములలో ఐదు పర్యాయములు గెలుచుకొనెను. అమెరికను కప్పు అను వేఱొక పోటీని ఆఱు పర్యాయములు గెలిచెను. 1916 నాటి తుదిపోటీ మసాచుసెట్సు నేతమిల్లుల పట్టణమైన ఫాల్ రివరు జట్టుతో జరిగెను. పెనాల్టీ తన్నుతో వచ్చిన ఒకే గోలుచే బెత్లెహేము గెలువగా, ఓడిన పక్షపు జనులు ఆటస్థలములోనికి చొచ్చుకొనివచ్చి కలహించిరి. మఱుసటి యేడు ఫాల్ రివరు జట్టు అదే విధముగా ఒకే గోలుతో పగ తీర్చుకొనెను. 1919లో బెత్లెహేము జట్టు స్వీడను దేశమున పర్యటించెను. ఐరోపా ఖండమున ఆడిన మొదటి అమెరికను వృత్తిజట్టు ఇదియే.

ఇంత కీర్తి యున్నను ఒక లోపము మాత్రము పూడలేదు. చూచువారు చాలరైరి. దీనికి చట్టమొక కారణము. పెన్సిల్వేనియాలో 1933 వఱకు ఆదివారమున వృత్తి క్రీడలు నిషిద్ధములు. కూలివానికి తీరిక యుండునది ఆదివారమున. ఆటకు అనుమతి యున్నది శనివారమున. మసాచుసెట్సులోను అట్టి నిర్బంధమే యుండగా, ఫాల్ రివరు నూతన జట్టు యజమాని రాష్ట్రపు సరిహద్దు దాటిన వెంటనే రోడ్ ఐలండు గడ్డపై ఆటస్థలము కట్టించి, ఆదివారపు జనమును అచటికి రప్పించుకొనెను. బెత్లెహేమునకు అట్టి అవసరము తోచలేదు. ప్రవేశపు రుసుము చాలకున్నను ఉక్కు సంస్థ పూరించుచుండెను. లోటు కనబడని యింట పొదుపు పుట్టదు.

1921లో అమెరికను సాకరు లీగు ఏర్పడెను. లీగనగా, జట్లన్నియు ఏడాది పొడవునను ఒకదానితో నొకటి ఆడి, మొత్తము ఫలితములచే ప్రథమస్థానమును నిర్ణయించు ఏర్పాటు. ఆ మొదటి యేడు యజమానులు జట్టును ఫిలడెల్ఫియా మహానగరమునకు తరలించి, ఆ నగరము పేరుతో ఆడించిరి. జట్టు లీగున ప్రథమముగా నిలిచియు మఱుసటి యేడు స్వస్థలమునకు మరలివచ్చెను. పోవునప్పుడు గాని వచ్చునప్పుడు గాని ఊరివారి మాటకు స్థానము లేకుండెను. జట్టు ఊరిపేరు మోయుచుండెనే గాని ఊరిసొత్తు కాదని ఆనాడే తేటపడినది.

అటుపిమ్మట మహోజ్జ్వలమైన దశ యొకటి వచ్చెను. గ్లాస్గోలో జన్మించిన ఆర్చీ స్టార్కు అను వీరుడు 1924లో జట్టున చేరి, 1924–25 లీగున 44 ఆటలలో 67 గోలులు చేసెను. 1926 కప్పు తుదిపోటీలో బెత్లెహేము సెయింట్ లూయీ నగరపు బెన్ మిల్లర్సు జట్టును 2 గోలులకు 7 గోలులుగా ఓడించెను. 1926–27లో లీగును సైతము గెలిచెను.

ఉన్నతిలోనే పతనమునకు బీజము పడుట లోకమున వింత కాదు. 1928లో లీగు పెద్దలకును, దేశపు ఆటకెల్ల అధికారిణియైన ఫుట్‌బాలు అసోసియేషనునకును విరోధము పుట్టెను. కప్పు పోటీ తమ లీగు ఆటల కడ్డు వచ్చుచున్నది గావున ఎవరును దానిలో పాల్గొనరాదని లీగు శాసించెను. బెత్లెహేమును మఱి రెండు జట్లును ఆ యాజ్ఞను ధిక్కరింపగా, లీగు వారిని బహిష్కరించెను. అసోసియేషను లీగునే వెలివేసి, ప్రత్యర్థిగా వేఱొక లీగును నిలిపెను. ఒకే ఆటకు రెండు పంక్తులు, రెండు పంక్తులలోను సగము సగము జనము. 1929 చివర సంధి కుదిరెను గాని, అప్పటికే షేర్ల విపణి కూలి, దేశమంతట ఆర్థికమాంద్యము కమ్ముకొనెను. ఉక్కు సంస్థ తన ఖర్చులను తగ్గించుకొనదొడగెను. 1930 ఏప్రిలు 27న హకోవా జట్టుతో ఆడి, 3 గోలులకు 2 గోలులుగా ఓడుటయే వారి కడపటి ఆట. తరువాత జట్టు రద్దయ్యెను.

ఆ యేటి జూలైలోనే ఉరుగ్వే దేశమున మొట్టమొదటి ప్రపంచపు పోటీ జరిగెను. అమెరికా జట్టు ఉపాంత్య పోటీ వఱకు వెళ్లెను. ఆ జట్టునకు శిక్షకుడైన రాబర్టు మిల్లరు ఒకప్పుడు బెత్లెహేము ఆటగాడు. శిష్యపరంపర వెలుగుచుండగా మూలపీఠము మూతపడినది.

ఇక ఉక్కు సంస్థ గతియు అంతే. 1995లో బెత్లెహేములో ఉక్కు కరగించుట నిలిచిపోయెను. 2001లో సంస్థ దివాలా తీసెను. 2003లో దాని ఆస్తులు పరుల వశమయ్యెను. పనివారి చెమట కారిన చోట 2009లో జూదశాల వెలసెను. చల్లారిన కొలుములు మాత్రము నదీతీరమున నేటికిని నిలిచియున్నవి.

జట్టుపేరు మాత్రము మఱియొక పర్యాయము జన్మమెత్తెను. ఫిలడెల్ఫియా యూనియను అను పెద్ద జట్టువారు తమ యువకులకు తర్ఫీదిచ్చుటకై 2015లో క్రిందితరగతి లీగున ఒక అనుబంధ జట్టును స్థాపించి, దానికి బెత్లెహేము స్టీలు అను పేరు పెట్టిరి. 2016నుండి ఆ జట్టు లీహై విశ్వవిద్యాలయపు ఆటస్థలమున ఆడెను. ఊరివారు తాతల నాటి పేరును మఱల విని సంతసించిరి. 2022 ప్రపంచపు పోటీలో అమెరికా పక్షమున నిలిచిన బ్రెండను ఆరొన్సను ఆ జట్టుననే అడుగులు దిద్దుకొనెను. కాని ఆ ఆటస్థలమున రాత్రి ఆటలకు వలయు విద్యుద్దీపములు లేవు. లీగు నియమమున కది చాలలేదు. 2019లో ఆటలను చెస్టరు పట్టణమునకు తరలించిరి. ఆ యేటి డిసెంబరులో పేరునే మార్చి ఫిలడెల్ఫియా యూనియను రెండవ జట్టని పిలిచిరి. దీపములు లేని కారణమున పేరును ఆరిపోయినది.

మొదటి మరణమునకు మాంద్యము, రెండవ మరణమునకు దీపము. కారణములు వేఱైనను మూలమొకటియే. మన పల్లెల పెద్ద లెఱిగిన ధర్మమొకటి కలదు. ధనవంతుడు దినదినము తన యింటనుండి గుడికి నైవేద్యము పంపవచ్చును. ఆతని మనసు మాఱిన నాడు, లేదా ఆతని గాదె వట్టిపోయిన నాడు, గుడిలో దీపమారును. నాలుగెకరముల మాన్యము వ్రాసియిచ్చి, దాని కాపుదల ఊరివారి చేత పెట్టిన దాత పోయినను దీపము నిలుచును. బెత్లెహేము యజమానులు భోజనము పెట్టిరి, మాన్యము వ్రాయలేదు. పనివారికి ఆట చూపిరి. జట్టు మీద హక్కీయలేదు. తమ వేతనమును గుఱించియే నోరెత్త వలనుపడని వారికి జట్టును గుఱించి నోరెత్తు ధైర్యమెట్లు కలుగును?

వెనుకటి ఆటస్థలము మాత్రము నేటికిని స్టీల్ ఫీల్డు అను పేరుతోనే నిలిచి, మొరేవియను విశ్వవిద్యాలయమువారి అధీనమున నున్నది. అచట విద్యార్థులు ఆడుచున్నారు. యజమాని పోయెను, కొలిమి చల్లారెను, జట్టు చెదరెను. ఒక విద్యాసంస్థ తనదిగా స్వీకరించి కాపాడిన నేల నిలిచినది. ఊరి మేలునకై పాఠశాలను గాని, గ్రంథాలయమును గాని, భజన సంఘమును గాని నెలకొల్పదలచినవారు, దాత యెంత యిచ్చెనని యడుగుటకు ముందు, దాత లేనినాడు దీనిని మోయువా రెవ్వరని యడుగుట మేలు.